టన్ను సరుకుకు ఎన్ని కిలోల వైరు? బేలింగ్ యార్డులో ఖర్చు తగ్గించుకునే పద్ధతి

అట్టపెట్టెలు, బాటిళ్లు, కవర్లు ప్రెస్సులో నొక్కి, వైరుతో బేళ్లుగా (గట్టి మోపులుగా) కట్టి పంపే యార్డుల్లో వైరు ఖర్చు మాట వస్తే మొదటి ప్రశ్న "కిలో ఎంతకు తెస్తున్నారు?" అనే. కర్నూలులో కల్లూరు పారిశ్రామిక ఎస్టేటు వైపు అడిగితే ఒక రేటు, హైదరాబాదు నుంచి తెప్పిస్తే ఇంకో రేటు. కిలోకు రెండు రూపాయలు తగ్గితే బేరం కుదిరినట్టే అనుకుంటాం. తీరా చూస్తే ఆ నెలలో యాభై కిలోలు అదనంగా వాడి ఉంటారు, ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. అందుకే రేటు సంగతి చివర్లో చూద్దాం. ముందు తేలాల్సింది ఒకటుంది: ఒక టన్ను సరుకు కట్టడానికి మీ యార్డులో ఎన్ని కిలోల వైరు పోతోంది?

ఇక్కడ చెప్పేది ప్రధానంగా చేత్తో ముడివేసే నిలువు ప్రెస్సుల గురించి. వైరును తనంతట తానే చుట్టి ముడివేసే ఆటోమేటిక్ బేలర్ల గురించి చివర్లో నాలుగు మాటలు చెప్తాను.

మొదటి పని: వారం రోజులు కొలవడం

ఏదీ మార్చకుండా ఒక వారం లెక్క రాయండి. దీనికి ఒక నోటుబుక్కు, యార్డులో ఎలాగూ ఉండే ఎలక్ట్రానిక్ కాటా చాలు. సోమవారం ఉదయం ఉన్న వైరు చుట్టలన్నీ తూచండి. శనివారం సాయంత్రం మిగిలినవి తూచండి. మధ్యలో కొత్త చుట్ట వస్తే దాని బరువూ కలపండి. కట్టిన ప్రతి బేలు బరువును, సరుకు రకాన్ని, కట్టిన టైమును రాయించండి. లారీ వే బ్రిడ్జి బరువును బేళ్ల సంఖ్యతో భాగించి సగటు రాసేస్తే కుదరదు. ఏ బేలు 220 కిలోలు, ఏ బేలు 290 కిలోలు అన్నదే మనకు పనికొచ్చే విషయం. ఇంకో గడిలో తెగిన వైర్లు, విప్పి మళ్లీ కట్టిన బేళ్లు రాయండి.

వారం అయ్యాక వాడిన వైరు కిలోలను కట్టిన టన్నులతో భాగించండి. వచ్చిన అంకెను ప్రెస్సు పక్క గోడ మీద సుద్దతో రాసి పెట్టండి. ఇకమీద ఏం చేసినా ఆ అంకె తగ్గిందా లేదా అన్నదే చూడాలి.

లెక్క ఎలా ఉంటుందో చూపడానికి ఒక ఊహా యార్డు తీసుకుందాం. రోజుకు 20 అట్ట బేళ్లు, ఒక్కోటి 250 కిలోలు, నెలకు 26 పనిదినాలు. అంటే నెలకు 520 బేళ్లు, 130 టన్నులు. బేలు ఎత్తు 1.1 మీటర్లు, లోతు 0.8 మీటర్లు; చుట్టుకొలత 3.8 మీటర్లు. ఒక్కో వైరు 4.5 మీటర్ల చొప్పున కోస్తున్నారు, బేలుకు ఐదు వైర్లు. వైరు 12 గేజి (గేజి అంటే వైరు మందం చెప్పే అంకె, అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం), కిలో 75 రూపాయలనుకుందాం.

ఇనుప వైరు మీటరు బరువు తెలుసుకోవడానికి సూత్రం సులువు. మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 6.165తో గుణిస్తే మీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది. 12 గేజి వైరు మందం 2.64 మి.మీ., అంటే మీటరుకు 43 గ్రాములు. 13 గేజి 2.34 మి.మీ., మీటరుకు సుమారు 34 గ్రాములు. 14 గేజి 2.03 మి.మీ., మీటరుకు 25 గ్రాముల పైచిలుకు.

మన ఊహా యార్డులో బేలుకు 22.5 మీటర్లు, అంటే 967 గ్రాములు. నెలకు 503 కిలోలు, సుమారు 37,700 రూపాయలు. టన్నుకు 3.9 కిలోల వైరు, 290 రూపాయలు. ఇక్కడినుంచి కిందికి దిగాలి. మీ అంకెలు వేరే ఉంటాయి, వాటితోనే లెక్క వేసుకోండి.

రెండో పని: కోత పొడవు

చుట్టుకొలత 3.8 మీటర్లయితే వైరు 4.5 ఎందుకు కోస్తున్నారు? ప్రెస్సు ఆపరేటరును అడిగి చూడండి. "ఉండనీలే సార్, తక్కువ పడితే ఆ ముక్క పారేసి ఇంకోటి కోయాల్సొస్తాది" అంటాడు. అతను చెప్పేది నిజమే. ఒక వైరు పొట్టిదైతే నాలుగు మీటర్లు దండగ. ఆ భయంతోనే ప్రతి వైరుకూ మూరెడు అదనంగా వదులుతాడు. కాబట్టి "పొడవు తగ్గించు" అని గద్దించి లాభం లేదు, అతనికి ఆ భయం ఎందుకు కలుగుతోందో చూడాలి.

కారణం బేలు ఎత్తు. ఒకసారి మీటరు దగ్గర ఆపేస్తారు, ఇంకోసారి మీటరూ పది దాకా నింపుతారు. ఎత్తు ఐదు సెంటీమీటర్లు మారితే చుట్టు పది సెంటీమీటర్లు మారుతుంది. ప్రెస్సు తలుపు మీద ఎర్ర పెయింటుతో ఒక గీత గీయించండి. పూర్తి ప్రెజర్‌లో నొక్కే పలక ఆ గీత దగ్గర ఆగితేనే కట్టాలి. గీత కంటే పైన ఆగితే సరుకు ఎక్కువైనట్టు, కిందికి దిగిపోతే ఇంకా వేయాలి. ఎత్తు స్థిరమైతే పొడవు స్థిరమవుతుంది.

ఆ తర్వాత కోతబల్ల. పొడవైన చెక్క మీద ఒక చివర గట్టి మేకు, సరిగ్గా కావాల్సిన పొడవు దగ్గర ఇనుప దిమ్మె కొట్టించండి. వైరు మేకుకు తగిలించి లాగి, దిమ్మె దగ్గర కోయడమే. నేల మీద గీసిన గీతను చూసి కోస్తే నాలుగు రోజులకు అది చెరిగిపోతుంది, మళ్లీ చేతి కొలతలోకి వచ్చేస్తారు. ముడికి రెండు కొసలకూ కలిపి అడుగు, అంటే 30 సెంటీమీటర్లు చాలు. 4.1 మీటర్లకు తెస్తే మన ఊహా యార్డులో నెలకు 45 కిలోల వైరు మిగిలింది. సుమారు 3,350 రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ పైసా పెట్టుబడి లేకుండా వచ్చింది.

వైరు చుట్టను నేల మీద పడేసి లాగితే చిక్కులు పడి, మెలికలు తిరిగిన చోట కోసి పారేస్తుంటారు. ఆ ముక్కలను ఒక డబ్బాలో వేయించి వారం చివర తూచండి. కిలోల లెక్కన తేలితే తిరిగే స్టాండు ఒకటి చేయించుకోవడం మేలు. పాత మోటారు సైకిల్ హబ్బు మీద వెల్డింగు షాపులో చేసిస్తారు.

మూడో పని: బేలు బరువు పెంచడం

అసలు డబ్బంతా ఇక్కడుంది. అదే ఐదు వైర్లు 250 కిలోల బేలుకూ పడతాయి, 300 కిలోల బేలుకూ పడతాయి. బేలు 300 కిలోలైతే 130 టన్నులకు 520 బేళ్ల బదులు 433 చాలు. పొడవు సరిచేసిన లెక్కతో చూస్తే వైరు నెలకు 458 కిలోల నుంచి 382 కిలోలకు వస్తుంది. 5,700 రూపాయల వైరు మిగులుతుంది. పైగా 87 బేళ్లకు కట్టే పని, మోటారు కరెంటు, హమాలీల మోత తగ్గుతాయి. లారీలో చోటు కూడా కలిసొస్తుంది. కర్నూలు నుంచి హైదరాబాదైనా, అనంతపురం నుంచి బెంగళూరైనా 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్ల పైమాటే. సగం గాలి నిండిన బేళ్లకు కిరాయి కట్టడం వైరు దండగకంటే పెద్ద దండగ.

బరువు ఎందుకు రావడం లేదో నోటుబుక్కులోనే దొరుకుతుంది. ముందు టైము గడి చూడండి. ఉదయం ఎనిమిదింటికి కట్టిన బేలు 280, మధ్యాహ్నం మూడింటికి కట్టింది 245 ఉంటే సరుకుది కాదు తప్పు, ఆయిలుది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. హైడ్రాలిక్ ఆయిలు వేడెక్కి పలచబడితే పంపులోనూ వాల్వుల్లోనూ లోపలి లీకేజీ పెరిగి, ప్రెజర్ గేజి ముల్లు పైదాకా వెళ్లదు. ట్యాంకు మీద ఎండ పడకుండా చూడండి, కూలరు ఉంటే దాని జాలీకి పట్టిన దుమ్ము, అట్టల నుసి దులిపించండి. ఎండాకాలానికి 46 గ్రేడు ఆయిలు బదులు ఇంకా చిక్కటి 68 వేయొచ్చా అని మెషీన్ కంపెనీవాళ్లను అడగండి. వాళ్లు సరేనంటేనే మార్చండి. గేజి పాడైపోయి ముల్లు కదలని ప్రెస్సులు కూడా నడుస్తుంటాయి. గేజి మార్చడం చిన్న ఖర్చు, అది లేకపోతే మిగతాదంతా గుడ్డి లెక్క. ప్రెజర్ హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వును మాత్రం మీకు మీరే బిగించొద్దు. ప్రెజర్ పెంచితే బరువు పెరుగుతుందని కంపెనీ పెట్టిన హద్దు దాటిస్తే సిలిండరు సీళ్లు పోతాయి, తలుపు గొళ్లెం విరిగితే మనుషుల ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత ప్రెస్సు అరలో పక్కలకుండే పళ్లు. పలక పైకి లేచినప్పుడు నొక్కిన సరుకు మళ్లీ ఉబ్బకుండా పట్టి ఉంచేవి అవే. అరిగిపోయినా, స్ప్రింగు పోయి లోపలికి మడిచి ఉండిపోయినా ప్రతి దెబ్బకూ అట్ట సగం వెనక్కి లేస్తుంది. అవి సరిగ్గా ఉన్నాయో లేదో టార్చి వేసి చూస్తే తెలుస్తుంది.

సరుకు వేసే తీరు కూడా చూడండి. పెట్టెను పెట్టెలాగే పడేస్తే మూలలు స్ప్రింగులా పనిచేస్తాయి. విప్పి చదును చేసి వేయించాలి. అర అడుగున ఒక పెద్ద అట్ట, కట్టే ముందు పైన ఒక పెద్ద అట్ట పరిస్తే వైరు అంచులను కోసుకుని లోపలికి దిగదు. నాలుగు మూలలూ నిండేలా వేయాలి. మధ్యలో గుట్టపోస్తే పలక మధ్యలోనే ఆగి మూలలు డొల్లగా ఉండిపోతాయి. చివరి దెబ్బ తర్వాత పలకను అలాగే అరనిమిషం దించి ఉంచండి, లోపలి గాలి బయటికి పోతుంది. ముడులన్నీ పడేదాకా పలక లేపకూడదు. పలక లేపేసి కట్టేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటి బేలుకు వైరూ ఎక్కువ పడుతుంది, బిగువూ ఉండదు.

అట్టల మీద నీళ్లు చల్లితే మెత్తబడి బాగా నలుగుతాయి, బరువూ వస్తుంది కదా అనేవాళ్లకు ఒకే మాట. మిల్లులో తేమ కొలుస్తారు, కోత వేస్తారు, రెండోసారి మీ లోడంటే అనుమానంగా చూస్తారు.

బాటిళ్ల సంగతి వేరు. మూత ఉన్న పెట్ బాటిల్ ఎంత నొక్కినా లోపలి గాలి ఎక్కడికీ పోదు. తలుపు తెరవగానే బేలు ఉబ్బుతుంది, వైర్లు బిగుసుకుపోతాయి, రాత్రికి రాత్రి ఒకటి రెండు తెగుతాయి. అట్టకు సరిపోయిన వైరు బాటిళ్లకు ఆగడం లేదంటే కారణం వైరు కాదు, మూతలే కావచ్చు. ఏరేవాళ్లతో మూతలు తీయించండి. మూత వేరే ప్లాస్టిక్ కాబట్టి అది విడిగా అమ్ముడవుతుంది, ఆ డబ్బులో కొంత కూలీకి వచ్చేస్తుంది. తీయడం కుదరనంత సరుకుంటే మేకులు బిగించిన రోలరుతో బాటిళ్లకు చిల్లులు పొడిచాక ప్రెస్సులో వేయాలి.

ఇంకో మాట. ఆదోని చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో ప్రెస్సు మీద పనిచేసినవాళ్లు దొరికితే ఒక సీజనుకైనా పెట్టుకోండి. మన దేశంలో పత్తి బేలుకు 170 కిలోలు ప్రామాణికం. రోజంతా అన్ని బేళ్లనూ ఒకే బరువుకు తేవడం వాళ్ల చేతికి అలవాటైన పని. పత్తి సీజను అయిపోయాక ఎండాకాలంలో వాళ్లకు పని తక్కువ.

నాలుగో పని: గేజి మార్చి చూడడం

అందరూ మొదట చేసేది ఇదే, నేను నాలుగో పనిగా పెట్టాను. కారణం ఉంది. వదులుగా, ఎత్తు సరిగ్గా లేకుండా కట్టే యార్డులో సన్న వైరు తెస్తే వారంలో తెగడం మొదలవుతుంది, "సన్నది పనికిరాదు" అని తీర్మానం చేసి మళ్లీ లావు వైరుకే పోతారు. ప్రెస్సు, పొడవు, సరుకు కుదిరాకే గేజి జోలికి వెళ్లాలి.

మెత్తని నల్ల వైరు చదరపు మిల్లీమీటరుకు సుమారు 40 కిలోల లాగుడు తట్టుకుంటుందనుకుంటే, 12 గేజి ఒక్కో వైరు దాదాపు 220 కిలోల దగ్గర, 13 గేజి 170 దగ్గర, 14 గేజి 130 దగ్గర తెగుతుంది. ముడి దగ్గర ఇంకా తక్కువ. మందం కొంచెం తగ్గినా బలం బాగా పడిపోతుందని గమనించండి. 12 నుంచి 13కు మారితే వైరు బరువు 21 శాతం తగ్గుతుంది, బలమూ అంతే తగ్గుతుంది. 14కు దూకితే రెండూ 40 శాతం పైగా తగ్గుతాయి. అందుకే ఒక మెట్టు మాత్రమే దిగండి. అదీ ఒకే రకం సరుకుతో, పదిహేను ఇరవై బేళ్లకు మాత్రమే. వాటి మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, రెండు రోజులు యార్డులో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచండి, ఆ తర్వాత లోడు చేసి పంపండి. దించేచోట ఎన్ని పగిలాయో కొనేవాళ్లకు ఫోన్ చేసి అడగండి. మీ యార్డులో బేలు చెక్కుచెదరకుండా ఉందంటే సరిపోదు, దాన్ని విసిరి దించేది అవతలి హమాలీలు.

వైర్ల సంఖ్య తగ్గించడం ఇంకో దారి. అట్టకు ఐదు బదులు నాలుగు సరిపోవచ్చు. బాటిళ్లకు, పల్చటి కవర్లకు ఐదూ ఉంచండి. నాలుగు కడితే మధ్య దూరాలు సమానంగా ఉండాలి, ఒక పక్క వదిలేస్తే ఆ పక్కే బేలు పగులుతుంది. గేజీ సంఖ్యా రెండూ ఒకేసారి మార్చొద్దు. తెగితే దేనివల్ల తెగిందో తెలియదు.

మన ఊహా యార్డులో 300 కిలోల అట్ట బేలుకు 13 గేజి ఆగిందనుకుంటే నెల వైరు 300 కిలోలకు దిగుతుంది, 22,500 రూపాయలు. టన్నుకు 290 నుంచి 173కు. సన్న వైరు కిలో రేటు కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి కొంత అటూ ఇటూ.

తిరిగి వాడటానికి పనికిరాని కవర్లు, బిస్కెట్, చిప్స్ ప్యాకెట్ల వంటి సరుకు సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో ఇంధనంగా పోతుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, మనకు దగ్గర. ఆ సరుకుకు ఐదు లావు వైర్లు దేనికి? వాళ్లకు బేలుగా కావాలా, విడిగా కావాలా, ముక్కలు చేసి కావాలా అన్నది ముందు అడగండి. విడిగా తీసుకుంటే అసలు వైరే అక్కర్లేదు. బేలుగానే అడిగితే దూరం తక్కువ, త్వరగా విప్పేస్తారు. సన్న గేజితో సరిపెట్టొచ్చో లేదో కొన్ని బేళ్లు కట్టి చూడండి.

ముడి గురించి

ముడి సరిగ్గా లేకపోతే గేజి లెక్కలన్నీ వృథా. ఒక కొసను ముందే ఉంగరంలా మలిచి ఉంచుకుని, రెండో కొసను అందులోంచి లాగి, వెనక్కి మడిచి తన మీదే మూడు నాలుగు చుట్లు గట్టిగా తిప్పాలి. చుట్లు పక్కపక్కన ఆనుకుని ఉండాలి. రెండు కొసలనూ కలిపి ఊరికే మెలి తిప్పితే బేలు ఉబ్బినప్పుడు ఆ మెలిక మెల్లగా విప్పుకుంటుంది. కటింగ్ ప్లేయర్‌తో బిగించేటప్పుడు దాని పళ్లు వైరును కొరికితే ఆ గాటు దగ్గరే తెగుతుంది. తెగిన వైర్లు ఏరి చూడండి. అన్నీ ముడి పక్కనే తెగి ఉంటే గేజి పెంచక్కర్లేదు, ప్లేయర్ మార్చండి. బేలు మధ్యలో తెగి ఉంటే అక్కడ తుప్పో, ప్రెస్సు గాడిలో మొన తేలిన అంచో ఉంటుంది. ఆ అంచును గ్రైండరుతో నున్నగా చేయించండి.

మిగిలిన కొసలను బేలులోకి మడిచి పొడవండి, లేకపోతే హమాలీల చేతులు చీరుకుపోతాయి. వైరు కోసేటప్పుడు ఎదురుగా నిలబడకూడదు, పక్కకు నిలబడి కోయాలి. కళ్లద్దాలు, తోలు గ్లౌజులు కొనివ్వండి.

కొనేటప్పుడు తూచి చూడండి

వైరు కిలోల్లో కొంటాం, మీటర్లలో వాడతాం. దుకాణం దగ్గర మోసమైనా, ఫ్యాక్టరీలో పొరపాటైనా దూరేది ఈ సందులోనే. కొత్త చుట్ట రాగానే అందులోంచి సరిగ్గా పది మీటర్లు కోసి చిన్న కాటా మీద పెట్టండి. 12 గేజి అయితే 430 గ్రాములు రావాలి. 460 వస్తే వైరు 2.64 కాదు, 2.73 మి.మీ. ఉంది. కంటికి ఆనని తేడా. బలమైన వైరు ఇచ్చాడని సంతోషించకండి, ప్రతి బేలుకూ 7 శాతం డబ్బు ఎక్కువ పోతోంది. కిలో 75కు కొన్నానంటారు, మీటరు లెక్కన అది 80 పడినట్టు. కోసిన ఆ ముక్కలు ఎలాగూ బేళ్లకు వాడుకోవచ్చు, దండగ కాదు. 400 వస్తే వైరు సన్నగా వచ్చినట్టు, తెగడానికి సిద్ధంగా ఉండండి.

గేజి అంకెను నమ్మి కొనొద్దు, మిల్లీమీటర్లలో అడగండి. మనకు అలవాటైన బ్రిటిష్ గేజిలో 12 అంటే 2.64 మి.మీ. ఇంకో అమెరికన్ గేజిలో 12 అంటే 2.05 మి.మీ., అది మన 14 గేజికి సమానం. దిగుమతి మెషీన్ పుస్తకంలో 12 అని ఉంటే అది ఏ గేజో, ఎన్ని మి.మీ. అవుతుందో ముందు తేల్చుకోండి. కొనుగోలు ఆర్డరులో "ఐఎస్ 280 ప్రకారం, అనీల్డ్, ఇన్ని మి.మీ." అని రాయండి. ఐఎస్ 280 అంటే ఇనుప వైరుకు మన దేశ ప్రమాణం, అనీల్డ్ అంటే కాల్చి మెత్తబరిచిన వైరు. మెషీన్ ఆటోమేటిక్ అయితే ఎంత గట్టి వైరు కావాలో కంపెనీ పుస్తకం చూసి రాయాలి.

మెత్తదనం చూడడానికి వైరును దానిమీదే ఎనిమిది చుట్లు బిగుతుగా చుట్టండి. పగుళ్లు రాకూడదు, పెళుసుగా విరగకూడదు. చుట్ట బరువు తూచేటప్పుడు పైన చుట్టిన గోనె, ప్లాస్టిక్ విప్పి తూచండి.

హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇంటి కట్టుబడి బైండింగ్ వైరును రెండు మూడు పోగులు కలిపి వాడేవాళ్లున్నారు. అది 18 నుంచి 20 గేజి. 18 గేజివి నాలుగు పోగులు కలిపితేగాని ఒక 13 గేజి అంత ఇనుము కాదు. పోగులన్నీ ఒకేలా బిగవవు, ఎక్కువ బిగిసింది ముందు తెగి, మిగతావి వరసగా తెగుతాయి. అత్యవసరానికి తప్ప వద్దు.

గాల్వనైజ్డ్ కావాలా?

చాలా మటుకు అక్కర్లేదు. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కట్టిన బేలు వారం పది రోజుల్లో లారీ ఎక్కితే నల్ల వైరు తుప్పు పట్టే టైమే ఉండదు. జింకు పూతకు ఎందుకు డబ్బు కట్టాలి? కడపలో అక్టోబరు, నవంబరు వానలకు మాత్రం చుట్టలను నేల మీద పెట్టకుండా చెక్కల మీద పెట్టి టార్పాలిన్ కప్పండి. కూల్‌డ్రింకు మిగుళ్లు కారే బాటిళ్ల బేళ్లను రేటు పెరుగుతుందని నెలల తరబడి నిల్వ ఉంచే అలవాటుంటే ఆ బేళ్లకు గాల్వనైజ్డ్ గురించి ఆలోచించొచ్చు.

ప్లాస్టిక్ పట్టీలు చిన్న ప్రెస్సులకు, వంద నూటయాభై కిలోల బేళ్లకు బాగానే పనిచేస్తాయి. వాటిలో పీపీ (పాలీప్రొపిలీన్) పట్టీ మన ఎండకు ఆరుబయట పెళుసెక్కిపోతుంది. పాలిస్టరు నేత పట్టీ మేలు. ఏది వాడినా సరుకు కొనేవాళ్లు ఒప్పుకోవాలి. అట్టలో ప్లాస్టిక్ కలవడం పేపరు మిల్లులకు ఇష్టముండదు.

ఆటోమేటిక్ బేలర్ ఉంటే

అక్కడ మనిషి చేతిలో పొదుపు తక్కువ, మెషీన్ సర్దుబాటులో ఎక్కువ. కత్తి మొద్దుబారితే ముడి దగ్గర మిగిలే వైరు తోకలు పొడుగవుతాయి, ముడి జారుతుంది. వైరు నడిచే రోలర్లు అరిగితే వైరు మీద గీతలు పడి తర్వాత తెగుతుంది. ముడి పడే చోట చేరే అట్టల దుమ్మును రోజూ గాలితో ఊదించండి. బేలు పొడవు సెట్టింగు పెంచగలిగితే టన్నుకు వైరు తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి బేలుకూ రెండు చివరలు చుట్టాల్సిందే. లారీ బాడీలో బేళ్లు సరిగ్గా అమరేంతవరకే పెంచాలి.

ఇక రేటు

ఇప్పుడు బేరమాడండి. నెలకు ఎన్ని కిలోలు కావాలో మీ దగ్గర ఖచ్చితమైన లెక్క ఉంది, కాబట్టి మూడు నెలల ఆర్డరు ఒకేసారి చెప్పి, నెల నెలా సరుకు దించమని అడగొచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషను ఉన్నవాళ్లు బిల్లు లేని వైరు జోలికి వెళ్లకపోవడమే లాభం. 75 రూపాయల వైరు 18 శాతం పన్నుతో 88.50 అవుతుంది, అందులో 13.50 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. బిల్లు లేకుండా 80కి ఇస్తానన్నవాడి దగ్గర మీకు ఐదు రూపాయలు ఎక్కువే పడుతోంది.

వైరు బరువు కూడా బేలుతోపాటు కాటాలో పడుతుంది, అట్ట రేటుకు అమ్ముడవుతుంది కదా అని కొందరు వైరు పొదుపును తేలిగ్గా తీసుకుంటారు. అట్ట కిలో రేటెంత, వైరు కిలో రేటెంత? పైగా చాలామంది కొనుగోలుదారులు వైరు బరువు కోసేస్తారు.

బయటినుంచి కట్టి వచ్చిన బేళ్లు విప్పినప్పుడు దిగే పాత వైరును మళ్లీ బేళ్లకు వాడొద్దు. ఒకసారి మెలి తిరిగిన చోట ఇనుము గట్టిపడి పెళుసవుతుంది, రెండోసారి వంచితే అక్కడే విరుగుతుంది. యార్డులో గోతాల మూతులు కట్టుకోవడానికి కొంత ఉంచుకుని, మిగతాది ప్లాస్టిక్, అట్ట ముక్కలు అంటకుండా చిన్న చుట్టలుగా చేసి పాత ఇనుము కొనేవాళ్లకు అమ్మండి. ముక్కలు ముక్కలుగా చెత్తలో కలిసిన వైరుకు ఇచ్చే రేటు కంటే శుభ్రంగా చుట్టలు చుట్టినదానికి మంచి రేటు అడగొచ్చు. ఆ డబ్బును నోటుబుక్కులో వైరు ఖర్చు ఎదురుగా రాయించండి.